గోడ కన్నానికి ముందు నీళ్లెందుకు?

సముద్రతీరంలోని ఉద్దానం ఊళ్లలో మేకు ఊడి గోడకు కన్నం పడితే, కాస్త సిమెంటు మాలు కూరితే సరిపోతుందనుకుంటాం. కొన్నాళ్లకే అది పెచ్చులా ఊడి వస్తుంది. సిమెంటు గట్టిపడేది ఆరడం వల్ల కాదు, నీటితో రసాయనికంగా కలవడం వల్ల. పొడి ఇటుక ఆ నీటిని గటగటా పీల్చేస్తే మాలు గుల్లగా మిగులుతుంది. అందుకే కన్నంలో రాలే ఇసుకను గీకి, దుమ్ము దులిపి, బాగా తడపాలి. పైన నీటి మెరుపు పోయాక మాలు అదిమి, వారం రోజులు తడుపుతూ ఉండాలి.

సముద్రపు గాలిలో తేమ ఉందిగా, ఇంకా నీళ్లెందుకని అడగొచ్చు. ఆ తేమ ఇటుక లోపలి దాహం తీర్చదు. ఇక మాలులో కలిపే ఇసుక సంగతి. బారువ, భావనపాడు తీరాల్లో ఇసుక చేతికందేంత దగ్గరే. అయినా దాన్ని వాడకూడదు. అందులోని ఉప్పు గోడ మీద తెల్లగా పూస్తుంది, లోపల ఇనుప చువ్వ ఉంటే దానికి తుప్పు పట్టిస్తుంది. తుప్పుతో ఉబ్బిన చువ్వ కొత్త మాలును కూడా బయటికి నెట్టేస్తుంది.