రాత్రి వంట త్వరగా, మాత్ర వేళకు అన్నం

పొలం పనికో, రొయ్యల గుంటల దగ్గరికో వెళ్లి పొద్దుగూకాక ఇల్లు చేరే తల్లులకు రాత్రి వంట పెద్ద భారం. మన చిట్టమూరు వైపు ప్రార్థన కూడిక ఉన్న రోజైతే భోజనం ఇంకా ఆలస్యం.

ఇంట్లో షుగరు ఉన్నవారికి ఈ ఆలస్యం ప్రమాదం. గ్లిమిపిరైడ్ వంటి మాత్ర వేసుకొని గాని, భోజనానికి ముందు ఇన్సులిన్ చేయించుకొని గాని అన్నం తినకపోతే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దీని గుర్తులు. వెంటనే 3 చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, తరువాత అన్నం పెట్టండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయక ఆసుపత్రికి తీసుకురండి.

వంట త్వరగా ముగియడానికి మేము చెప్పేవి ఇవి:

1. తెల్లగడ్డలు ఒలవడం, ఆకుకూర ఏరడం ఉదయమే చేసుకోండి. ఆకుకూర తరగడం మాత్రం వండే ముందే.

2. ఇంటికి రాగానే బియ్యం, కందిపప్పు కడిగి నానబెట్టండి. అరగంట నానితే త్వరగా ఉడుకుతాయి. పప్పు ఉడికాకే చింతపండు పులుసు పోయండి. పులుపు ముందే పడితే పప్పు మెత్తబడదు.

3. కుక్కరులో రెండు గిన్నెలు పెట్టి అన్నం, పప్పు ఒకేసారి వండండి.

4. పొద్దున వండిన అన్నం బయట ఉంచి రాత్రికి పెట్టకండి. అందులో క్రిములు విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు. దాచాలంటే 2 గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టండి.

లూకా సువార్తలో మార్త ఒంటరిగా పనులతో సతమతమైంది. మన ఇళ్లలో అలా జరగనివ్వక భర్త, పిల్లలు కూడా తలా ఒక పని అందుకుంటే, అందరూ వేళకు కలిసి భోంచేసి కుటుంబ ప్రార్థనకు కూర్చోవచ్చు.