బతికున్న ఎలుకలో చక్కెర జాడ

పెట్ స్కాన్ అనగానే మనకు క్యాన్సర్ ఆసుపత్రే గుర్తొస్తుంది. నిజానికి ఆ యంత్రం రూపుదిద్దుకున్నది యూనివర్సిటీ ల్యాబుల్లో. 1970ల మొదట్లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, వాషింగ్టన్ యూనివర్సిటీలో, మిషెల్ టెర్-పొగోసియన్, మైకేల్ ఫెల్ప్స్, ఎడ్వర్డ్ హాఫ్‌మన్ దాన్ని తయారుచేశారు.

శరీరంలోకి పంపిన మందు నుంచి వెలువడే పాజిట్రాన్‌కు దగ్గర్లోని ఎలక్ట్రాన్ తగలగానే రెండూ మాయమైపోతాయి. వాటి బదులు రెండు గామా కిరణాలు పుట్టి చెరో దిక్కుకు దూసుకుపోతాయి. చుట్టూ అమర్చిన స్ఫటికాల్లో ఏ రెండు ఒకేసారి మెరిశాయో చూసి కంప్యూటర్ గీత గీస్తుంది. అలాంటి లక్షల గీతల్లోంచి బొమ్మ తేలుతుంది.

ఈ ల్యాబుల్లో గడియారానిదే పెత్తనం. పాజిట్రాన్లు వెదజల్లే ఫ్లోరిన్-18 సుమారు 110 నిమిషాల్లో సగమైపోతుంది. కార్బన్-11కు 20 నిమిషాలు, ఆక్సిజన్-15కు రెండే. అందుకే ఆక్సిజన్-15తో పనిచేసేవాళ్లకు దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ పక్కనే ఉండాలి. 1976 ఆగస్టులో ఫ్లోరిన్-18 అతికించిన గ్లూకోజు, అంటే ఎఫ్‌డీజీ, న్యూయార్క్ దగ్గరి బ్రూక్‌హేవెన్ ల్యాబులో తయారై విమానంలో ఫిలడెల్ఫియా చేరింది. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో దాన్ని మొదటిసారి మనుషులకు ఎక్కించారు.

ఎఫ్‌డీజీ గొప్పతనం అది ఇరుక్కుపోవడంలో ఉంది. కణం దాన్ని మామూలు చక్కెర అనుకుని లోపలికి లాక్కుంటుంది, మొదటి మెట్టు వరకు మార్చుతుంది, ఆపైన ఏమీ చేయలేదు. ఎక్కువ పనిచేసే కణంలో ఎక్కువ పోగవుతుంది.

జీవశాస్త్రానికి అసలు మలుపు 1990ల రెండో సగంలో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూసీఎల్ఏ)లో వచ్చింది. సైమన్ చెర్రీ బృందం ఎలుకల్లాంటి చిన్న జంతువుల కోసమే మైక్రోపెట్ అనే స్కానర్ కట్టింది. ఎలుక బరువు పాతిక, ముప్ఫై గ్రాములే కాబట్టి దాదాపు రెండు మిల్లీమీటర్ల తేడాను కూడా పట్టుకోవాల్సి వచ్చింది. అంతకు ముందు ఒక మందు అవయవాల్లో ఎలా చేరుతుందో తెలియాలంటే, ఒక్కో దశలో కొన్ని ఎలుకలను చంపి కోయాల్సి వచ్చేది. ఇప్పుడు అదే ఎలుకను ఈ వారం, వచ్చే వారం, నెల తర్వాత చూడొచ్చు. కణితి పెరిగిందా, తగ్గిందా అన్నది దానితో దానికే పోలిక. ప్రాణాలు దక్కడం ఒక మేలు, లెక్క మరింత నమ్మదగింది కావడం ఇంకో మేలు. ఈ యంత్రానికి ఇంతకన్నా మంచి ఉపయోగం లేదని నా అభిప్రాయం.

అయితే స్కాన్‌లో కదలకుండా ఉండాలని ఎలుకకు మత్తు ఇస్తారు. మత్తు ఇస్తే మెదడు తీరే మారిపోతుంది కదా! దానికీ దారి దొరికింది. బ్రూక్‌హేవెన్‌లో 250 గ్రాముల ఉంగరంలాంటి స్కానర్ చేసి, మెలకువగా తిరిగే పెద్ద ఎలుక తలకు తగిలించారు. ఎలుక మీద బరువు పడకుండా దాన్ని పైనుంచి వేలాడదీశారు.

మొక్కలకూ పెట్ ఉంది. ఆకుకు కార్బన్-11 ఉన్న బొగ్గుపులుసు వాయువు అందిస్తే, తయారైన చక్కెర వేరు వైపు దిగడం కనిపిస్తుంది.

చెర్రీ తర్వాత డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి వెళ్లి, రామ్సే బదావితో కలిసి ఎక్స్‌ప్లోరర్ అనే పెట్ స్కానర్ కట్టారు. దాని పొడవు 194 సెంటీమీటర్లు, స్ఫటికాలు అయిదు లక్షలకు పైనే. 2018లో అది మనిషిని తల నుంచి పాదాల దాకా ఒకేసారి చూపింది. చెర్రీ చదివింది భౌతికశాస్త్రం. ఎంపీసీ తీసుకున్నాం కాబట్టి జీవశాస్త్రం మనది కాదనుకునే పిల్లలు మీ ఇంట్లో ఉంటే, ఈ సంగతి తప్పక చెప్పండి.