కాలము అందఱికి నొక్కటియేనా?

గోలకొండ కోటను చూచిన విద్యార్థులందఱును ఫతే దర్వాజాకడ చప్పట్లు చఱచియే యుందురు. ఆ చప్పుడు ఇంచుమించు కిలోమీటరు దూరమున, కొండపైనున్న బాలాహిస్సారులో వినవచ్చును. మన మణికొండకు పొరుగుననున్న యా కోటనుండియే యీ విషయము నారంభింతము. ధ్వని గాలిలో సెకండునకు సుమారు 340 మీటర్లు నడచును గనుక పైకి చేరుటకు మూడు సెకండ్లు పట్టును. గాలియే లేనిచో ధ్వనియు లేదు.

కాంతికిని అట్టి ఆధారమొకటి యుండవలెనని పూర్వశాస్త్రజ్ఞులు తలంచి, దానికి ఈథరని పేరిడిరి. సెకండునకు 30 కిలోమీటర్ల వేగమున సూర్యుని చుట్టివచ్చు భూమి యా ఈథరులో ప్రయాణించుచున్నచో, వేర్వేరు దిక్కులకు పోవు కాంతికి ప్రయాణకాలమున భేదము కనబడవలెను. 1887లో మైకెల్సన్, మోర్లీ అనువారు మిక్కిలి జాగరూకతతో కొలిచిరి. ఎదురుచూచిన భేదము కానరాలేదు.

1905లో బెర్ను నగరపు పేటెంటు కార్యాలయమున ఉద్యోగియైయుండిన 26 ఏండ్ల ఐన్‌స్టైను రెండు సూత్రములను ప్రతిపాదించెను. సమవేగమున ఋజుమార్గమున పోవువారందఱికిని ప్రకృతినియమములు సమానములు. శూన్యములో కాంతివేగము ఎవరు కొలిచినను సెకండునకు సుమారు 3,00,000 కిలోమీటర్లే. ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతమునకు ఇవియే పునాదులు.

వీని ఫలితమేమి? రాయదుర్గము స్టేషనులో మెట్రోబండి పోవుచున్నదనుకొందము. బండిలోని అక్క నేలనుండి కప్పుననున్న అద్దమునకు కాంతిని పంపును. అది నిట్టనిలువుగా పోయి మరల వచ్చుట ఆమె చూచును. ప్లాట్‌ఫారముమీది తమ్మునికో, బండి ముందునకు సాగుటచే, ఆ కాంతి ఏటవాలుగా ఎక్కి ఏటవాలుగా దిగును. ఏటవాలు దారి పొడవైనది. కాంతివేగము ఇరువురికి నొక్కటియే. కావున తమ్ముని లెక్కకు ఎక్కువ కాలము పట్టవలెను. అనగా బండిలోని గడియారము మందముగా నడచుచున్నట్లు అతడు కనుగొనును. గడియారము చెడలేదు, కాలముయొక్క స్వభావమే యట్టిది. మెట్రో వేగమునకు ఈ భేదము అత్యల్పమగుటచే మనకు తెలియదు.

ఇది వట్టి ఊహయా? కాదు. విశ్వకిరణములు వాయుమండలమును తాకగా సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున మ్యూయానులను సూక్ష్మకణములు పుట్టును. నిశ్చలముగానున్న మ్యూయాను సగటు ఆయువు 2.2 మైక్రోసెకండ్లు, మైక్రోసెకండనగా సెకండులో పదిలక్షవ వంతు. ఆ స్వల్పకాలమున కాంతివేగముతో పోయినను 660 మీటర్లే గడచును. అయినను పదులకొలది మ్యూయానులు ప్రతినిమిషము మన అరచేతిగుండ దూసుకొనిపోవుచున్నవి! కాంతివేగములో 99.9 శాతము వేగముగల మ్యూయానుకు, మన గడియారముల ప్రకారము, ఆయువు 22 రెట్లు పెరుగును; అప్పుడది 14 కిలోమీటర్లకు పైగా రాగలదు. మ్యూయాను పక్షమున చూచినచో దాని ఆయువు పెరుగలేదు, వాయుమండలమే 22వ వంతునకు కుంచించుకొనిపోయినది. లెక్క రెండువిధములను సరిపోవును.

వేగమువలన ఇట్టి కణముల ఆయువు పెరుగునని 1938లో హోమీ భాభా సూచించెను. 1941లో రోసీ, హాల్ అనువారు అమెరికాలోని కొలరాడోలో ఎత్తైన తావునను, పల్లపు తావునను కణములను లెక్కించి దీనిని బలపఱచిరి. భాభా 1945లో స్థాపించిన టాటా సంస్థకు మనకు సమీపమున గోపనపల్లిలో పరిశోధనాలయము గలదు.

మణికొండ వీధులలో దారిచూపు చేతిఫోనునకును ఈ సిద్ధాంతమే తోడు. జీపీయస్ ఉపగ్రహములు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్నవి. వేగమువలన వాని గడియారములు దినమునకు 7 మైక్రోసెకండ్లు వెనుకబడును. అచ్చట భూమ్యాకర్షణ తక్కువగుటచే 45 ముందునకు సాగును. ఈ రెండవది 1915నాటి సాధారణ సాపేక్ష సిద్ధాంతఫలితము. మిగిలిన భేదము 38 మైక్రోసెకండ్లు. అంతలో కాంతి 11 కిలోమీటర్లు పోవును! అందుచే ఇంజనీర్లు ఆ గడియారములను ముందుగనే సవరించి పంపుదురు.

“అంతయు సాపేక్షమే, నిశ్చయమేదియు లేదు” అని కొందఱు చెప్పుట మేము వినుచున్నాము. ఇది పొరపాటు. కాలము, పొడవు చూచువారినిబట్టి మారును గాని, కాంతివేగము మారదు, ప్రకృతినియమములు మారవు. విద్యార్థులారా! పెద్దలు చెప్పినదైనను, మన మనస్సు సహజమని నమ్మినదైనను, కొలిచి చూచినపుడు నిలువనిచో విడువవలెను. ఆ ధైర్యమే ఈ సిద్ధాంతము మనకు నేర్పు మొదటి పాఠము.