సేవావృత్తిలో తొలి అడుగు

వానను నమ్ముకొని సేద్యం చేసే కర్నూలు, కడప సీమలలో బ్రతుకుతెరువు మార్చుకోవడం కొత్త కాదు. అలా మారదలచిన వారికి నర్సింగ్ ఒక గౌరవప్రదమైన మార్గం.

వయస్సు వచ్చిన తరువాత కొత్త విద్య అబ్బుతుందా అనే సందేహం సహజం. ఆధునిక నర్సింగ్ విద్యకు ఆద్యురాలైన ఫ్లారెన్స్ నైటింగేల్, కుటుంబం వారించినా వెనుదీయక, 1851లో, తన 31వ యేట జర్మనీలో శిక్షణ పొందింది. 1876-78 నాటి కరవు రాయలసీమను కబళించినప్పుడు మద్రాసు రాజధాని రైతుల దుస్థితిని తన రచనల ద్వారా ఆంగ్లేయులకు ఎలుగెత్తి చాటింది.

భారత నర్సింగ్ మండలి నిబంధనల ప్రకారం 35 ఏండ్లలోపు వారు జనరల్ నర్సింగ్ శిక్షణలో చేరవచ్చు. ఇంటర్మీడియట్‌లో విజ్ఞానశాస్త్రాలు చదవనివారు కూడా అర్హులే. బి.యస్సీ. నర్సింగ్‌కు మాత్రం జీవశాస్త్రం చదివి ఉండాలి.

శిక్షణ ముగిసినా, వార్డులో అడుగుపెట్టిన తొలినాళ్ళలో ఏ నర్సైనా కొత్తవారే. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు పాలమూరు నుండీ, కన్నడ సీమ నుండీ కూడా రోగులు వస్తారు. బాధ ఒకటే అయినా దానిని చెప్పే మాటలు వేరు. అందుచేత ఓపికతో వినడం తొలి పాఠం. సందేహాన్ని అడిగి తీర్చుకోవడం రెండవది. మందు మోతాదును ఊహించి ఇస్తే రోగి ప్రాణానికే ముప్పు. అనుభవజ్ఞులను అడిగితే పోయేది క్షణకాలపు బిడియమే.

పాత వృత్తి నేర్పినదేదీ వ్యర్థం కాదు. దుకాణంలో లెక్కలు వ్రాసిన జాగ్రత్త రోగి వివరాల నమోదులో అక్కరకు వస్తుంది. ఎండలో కలుపు తీసిన ఓర్పు రాత్రి విధులలో తోడు నిలుస్తుంది.