వియన్నా దొర... మార్లవాయి చుట్టం

ఎక్కడి వియన్నా... ఎక్కడి మార్లవాయి! ఖండాంతరాల అవతల పుట్టిన ఓ మానవశాస్త్రవేత్తకీ, కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలోని ఓ గోండు గూడేనికీ ముడిపడటం వెనక ఒక యుద్ధం ఉంది, ఒక తిరుగుబాటూ ఉంది.

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ మన దేశంలో ఉన్నారు. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. దాంతో బ్రిటిష్ వారి లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. అరెస్టు చేసి, కొంతకాలం హైదరాబాద్ రాజ్యం దాటి వెళ్లొద్దని ఆంక్ష పెట్టారు.

1940లో జోడేఘాట్ కొండల్లో కుమురం భీం నేలకొరిగాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునే పని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన, భార్య బెట్టి ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని కాపురం పెట్టారు. ఊరివాళ్లతో కలిసిపోయి గోండి నేర్చుకున్నారు.

అక్కడ ఆయన చూసింది ఒక్కటే... తరాలుగా దున్నుకుంటున్న నేలకు గోండుల దగ్గర కాగితం లేదు. రిజర్వు అడవుల హద్దులు గీసినప్పుడు కొందరి చేలు అందులో కలిసిపోయాయి. మిగిలినవాటిని బయటినుంచి వచ్చినవాళ్లు రాయించుకున్నారు. ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పే మనిషి గూడెంలో లేడు.

అందుకే 1943లో మార్లవాయిలో బడి తెరిచారు. గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేశారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు అచ్చువేయించారు. ఆయన సిఫార్సులతో వేలాది ఎకరాలకు పట్టాలొచ్చాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో గిరిజనుల గోడు అధికారులు వినే దర్బారుకు నాంది పలికిందీ ఆయనే.

1970ల్లో తిరిగొచ్చి చూసేసరికి పరిస్థితి మారిపోయింది. బడుల్లో గోండికి చోటు లేదు. పట్టా ఇచ్చిన భూములు చాలాచోట్ల గిరిజనేతరుల చేతుల్లో ఉన్నాయి. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు దక్కకుండా 1959లో చట్టం వచ్చింది, 1970లో దాన్ని కట్టుదిట్టం చేశారు. అయినా ఆక్రమణలు ఆగలేదు. ఆ ఆవేదననంతా 1982లో వెలువడిన 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా'లో రాశారాయన.

1987 జనవరిలో హైదరాబాద్‌లో బెట్టి కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో హైమన్‌డార్ఫ్ మరణించారు. 2012లో ఆయన అస్థికలను తెచ్చి భార్య పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న ఆదివాసీలు అక్కడ చేరి నివాళులర్పిస్తారు. పెద్దలు పిల్లలకు చెప్పే ఊరి చరిత్రలో ఆ దొరసాని, ఆ దొర పరాయివాళ్లు కారు.