ఓడ దిగినా ఊగు ఆగకపోతే

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. ఒడ్డు చేరగానే మనిషి ఓడనీ ఓడవాణ్ణీ మర్చిపోతాడని సామెత లెక్క. మా పెద్దమ్మ విషయంలో ఆ లెక్క తప్పింది. ఆవిడ ఓడ దిగి నాలుగు నెలలైనా ఓడ ఆవిణ్ణి వదల్లేదు.

పోయిన జూన్‌లో పెద్దమ్మ, పెదనాన్న సియాటిల్‌లో ఉన్న అన్నయ్య దగ్గరికి వెళ్ళారు. అమెరికా వెళ్ళిన అమ్మానాన్నలకి ఒక సిలబస్ ఉంటుంది కదా, గుడి, ఔట్‌లెట్ మాల్, నయాగరా, వీలైతే ఒక క్రూయిజ్. వీళ్ళకి అలాస్కా క్రూయిజ్ తగిలింది. ఏడు రాత్రులు. వాంతులవుతాయేమోనని అన్నయ్య అరడజను నిమ్మకాయలు కొనిచ్చాడట. ఒక్కటీ వాడలేదు. "సముద్రం మీద బండరాయిలా కూర్చున్నానురా, పెదనాన్నే రెండు రోజులు పడుకున్నారు" అని ఫోన్లో మాకందరికీ గొప్పగా చెప్పింది.

ఓడ దిగిన మర్నాడు పొద్దున అన్నయ్య వాళ్ళింట్లో కాఫీ కలుపుతుంటే కిచెన్ నేల మెల్లగా పైకి లేచి కిందికి దిగినట్టు అనిపించింది. స్టవ్ గట్టు పట్టుకుంది. గిర్రున తిరగడం కాదు. ఉయ్యాల ఆగాక కూడా ఒళ్ళు ఊగుతున్నట్టు, మెత్తటి పరుపు మీద నడుస్తున్నట్టు. "రెండ్రోజుల్లో పోతుందిలే అమ్మా" అన్నాడు అన్నయ్య. పోలేదు. పది రోజులకి విమానం ఎక్కింది. విచిత్రం, విమానంలో హాయిగా ఉంది. శంషాబాద్‌లో దిగి సామాను కోసం నిలబడగానే మళ్ళీ మొదలు.

తెనాలి చేరాక అసలు కథ మొదలైంది. దేవుడి గదిలో కళ్ళు మూసుకుంటే ఒళ్ళు పక్కకి ఒరిగిపోయేది. తలస్నానం చేస్తూ గోడ పట్టుకునేది. సూపర్‌మార్కెట్‌లో అరల మధ్య నడవలేక సగం సరుకులతో వెనక్కొచ్చేసేది. ఒక డాక్టర్ మెడ ఎముకలు అరిగాయని కాలర్ వేశారు. ఇంకొకరు చెవిలో స్ఫటికాలు జారాయని తలని అటూ ఇటూ తిప్పి వ్యాయామం చేయించారు. బీపీ, షుగర్, థైరాయిడ్, ఎమ్మారై, అన్నీ నార్మల్. రిపోర్టుల కవరు లావెక్కింది, పక్కింటావిడ దిష్టి కూడా తీసింది.

ఇక్కడ ఒక చిక్కొచ్చి పడింది. డాక్టర్ దగ్గరికని గుంటూరు కారులో తీసుకెళ్తే దారంతా పెద్దమ్మ బ్రహ్మాండంగా ఉండేది. కబుర్లు చెప్పేది, దార్లో ఆగి జామకాయలు కొనిపించేది. కారు దిగి ఆస్పత్రి బెంచీ మీద కూర్చోగానే "ఊగుతోందండీ" అనేది. రెండుసార్లు చూశారు, మూడుసార్లు చూశారు. నాలుగోసారి పెదనాన్న అనేశారు: "షికారంటే తల తిరగదు, ఇంట్లో పనంటేనే తిరుగుతుంది." నవ్వుతూనే అన్నారు. మేమూ నవ్వాం, నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి పెద్దమ్మ ఊగు గురించి ఎవరికీ చెప్పడం మానేసింది. వంట చేస్తూ ఒక చేత్తో గట్టు పట్టుకోవడం మాత్రం మానలేదు.

నాలుగో నెలలో హైదరాబాద్‌లో ఒక న్యూరాలజిస్టు ఆ లావాటి కవరు విప్పకుండా పక్కన పెట్టి మూడు ప్రశ్నలు వేశారు. తిరుగుతోందా, ఊగుతోందా? మొదలవ్వక ముందు ఎక్కడికైనా ప్రయాణం చేశారా? కారులో కూర్చుంటే ఎలా ఉంటుంది? మూడోదానికి పెద్దమ్మ జవాబు చెప్పలేదు, పెదనాన్న వైపు చూసింది. ఆయనే చెప్పారు, "కారులో బాగుంటుందండీ" అని, తప్పు ఒప్పుకున్నట్టు. "అదేనమ్మా జబ్బు గుర్తు" అన్నారు డాక్టర్. పెద్దమ్మ అక్కడే ఏడ్చేసింది.

దీని పేరు మాల్ ద దెబార్క్‌మాన్ సిండ్రోమ్. ఫ్రెంచి మాట, ఓడ దిగినందువల్ల వచ్చే బాధ అని అర్థం. పొట్టిగా ఎం.డి.డి.ఎస్. అంటారు. కొత్తదేమీ కాదు. చార్లెస్ డార్విన్ తాతగారు ఎరాస్మస్ డార్విన్ వైద్యుడు. ఓడలో చాలాకాలం ఉండి ఒడ్డుకొచ్చినవాళ్ళకి నిద్రకీ మెలకువకీ మధ్య గదిలో వస్తువులు ఓడలాగే ఊగుతున్నట్టు అనిపిస్తుందని 1790లలో వచ్చిన 'జూనోమియా'లో రాశాడు. అంత దూరం ఎందుకు, రాత్రంతా పై బెర్తులో ప్రయాణం చేసి హాస్టల్ కొచ్చి పడుకుంటే మంచం రైలులా కదలడం మనకి తెలియంది కాదు. బీచ్‌లో సాయంత్రం దాకా అలల్లో ఆడి పడుకున్నా అంతే. అది గంటల్లో, మహా అయితే రెండ్రోజుల్లో పోతుంది. కొద్దిమందికి మాత్రం పోదు. అలాంటి ఆరుగురి సంగతి 1987లో బ్రౌన్, బాలో అనే వైద్యులు ప్రచురించాకే దీన్ని విడిగా ఒక జబ్బుగా చూడటం మొదలైంది. ఎక్కువగా నలభై, యాభై ఏళ్ళ ఆడవాళ్ళకి వస్తుంది. "ఈ వయసులో ఇవన్నీ మామూలేనమ్మా" అని పంపించేయడానికి అందరికీ సులువైన వయసు అది.

ఇంతకీ లోపల ఏం జరుగుతోంది? రెండు చక్రాల మీద తనంతట తాను నిలబడే రోబో చేసినవాళ్ళకి ఇది త్వరగా అర్థమవుతుంది. ఆ రోబోలో ఒక జైరో, ఒక యాక్సిలరోమీటర్ పెడతాం. జైరో ఎంత వేగంగా తిరుగుతున్నామో చెబుతుంది, కానీ మెల్లగా డ్రిఫ్ట్ అవుతుంది. యాక్సిలరోమీటర్‌కి వాలడానికీ, ముందుకి దూకడానికీ తేడా తెలియదు. రెండూ కలిపి ఒక ఫిల్టర్ రాస్తే గానీ రోబో నిలబడదు. మన చెవి లోపల ఉన్నది దాదాపు ఇదే కిట్. ఒక్కో చెవిలో మూడు అర్ధవర్తుల కుల్యలు తల తిరగడాన్ని కొలుస్తాయి. పక్కనే రెండు చిన్న సంచుల్లో కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు జిగురు పొర మీద కూర్చుని గురుత్వాన్నీ, తిన్నటి కదలికల్నీ చెబుతాయి. మెదడు వీటికి కళ్ళు చెప్పేదీ, అరికాళ్ళూ కీళ్ళూ చెప్పేదీ కలిపి "నువ్వు నిలబడి ఉన్నావు" అని తేలుస్తుంది.

మెదడు అక్కడితో ఊరుకోదు, జరగబోయేది ఊహిస్తుంది. ఓడ ఒక లయలో ఊగుతుంటే రెండుమూడు రోజుల్లో ఆ లయ నేర్చేసుకుని, ఓడ ఎడమకి ఒరగబోయే ముందే ఒంటిని కుడికి సర్దడం మొదలుపెడుతుంది. నావికులు 'సీ లెగ్స్' వచ్చాయనేది దీన్నే. నాయిస్ క్యాన్సలింగ్ ఇయర్‌ఫోన్స్ చేసే పని కూడా ఇలాంటిదే. ఫ్యాన్ రొదకి సరిగ్గా ఎదురు అల పుట్టించి రెండింటినీ కొట్టేస్తాయి. ఇప్పుడు ఫ్యాన్ ఆపేశాం, కానీ ఇయర్‌ఫోన్స్ ఆ ఎదురు అలని ఆపడం మర్చిపోయాయి అనుకోండి. లేని ఫ్యాన్ రొద మీకు వినిపిస్తూనే ఉంటుంది. దాన్ని పోగొట్టాలంటే మళ్ళీ ఫ్యాన్ వేయాలి.

పెద్దమ్మకి కారే ఆ ఫ్యాన్. కారు కదులుతున్నంతసేపూ మెదడు చేస్తున్న సవరణకి బయట ఒక కదలిక దొరుకుతుంది, ఊగు తగ్గుతుంది. కారు ఆగితే సవరణ ఒంటరిగా మిగులుతుంది. ఈ పోలిక కాస్త కుంటుతుందని ఒప్పుకుంటాను. కారు కదలిక ఓడ కదలిక లాంటిది కాదు, మెదడులో ఉన్నది ఒక్క సర్క్యూటూ కాదు. కానీ పెదనాన్నకి ఇయర్‌ఫోన్స్ పెట్టి ఇది చెప్పాక ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే రోజూ కారులో తిప్పుదామా?" అన్నారు. అదీ కుదరదు. దిగాక చాలామందికి ఊగు తిరిగొస్తుంది, ఒక్కోసారి ముందుకన్నా ఎక్కువగా.

ఈ కారు సంగతి ఇప్పుడు అధికారికంగా రాతలోనే ఉంది. తల తిరుగుడు జబ్బుల మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం బారానీ సొసైటీ 2020లో ఈ జబ్బుకి ప్రమాణాలు ప్రకటించింది. గిర్రున తిరగడం కాకుండా ఊగుతున్నట్టు, తేలుతున్నట్టు రోజులో ఎక్కువసేపు ఉండాలి. ప్రయాణం ముగిసిన 48 గంటల లోపు మొదలవ్వాలి. మళ్ళీ వాహనం ఎక్కితే తాత్కాలికంగా తగ్గాలి. 48 గంటలు దాటి కొనసాగాలి. నెల దాటితే దాన్ని మొండిదిగా లెక్కేస్తారు. చెవిలో స్ఫటికాలు జారితే వచ్చే తిరుగుడు వేరు. అది పక్క మీద దొర్లినప్పుడో, తల ఎత్తినప్పుడో గిర్రున తిప్పి నిమిషంలోపే ఆగిపోతుంది. దానికి చేయించే వ్యాయామం దీనికి పనిచేయదు.

వైద్యం దగ్గరికొస్తే, ఓడలో వాంతులు రాకుండా వేసుకునే మెక్లిజైన్ లాంటి మాత్రలు దీనికి సాధారణంగా ఉపయోగపడవు. పెద్దమ్మ మూడు నెలలు ఇలాంటి మాత్రలే మింగి మత్తుగా తిరిగింది. క్లోనజెపామ్ కొద్ది మోతాదులో కొందరికి ఊరటనిస్తుంది కానీ అలవాటు పడే మందు, డాక్టర్ చేతిలో ఉండాల్సిందే. కొందరికి డిప్రెషన్‌కి వాడే మందులు రాస్తారు. అంటే నీది మనోవ్యాధి అని కాదు, ఈ మాట ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పుకోవడం మంచిది.

నన్ను ఆకట్టుకున్నది న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్‌లో మింగ్జియా డాయ్, బెర్నార్డ్ కోహెన్ బృందం చేసిన పని. వాళ్ళ ఆలోచన అచ్చం ఇంజినీరు ఆలోచన. కాలిబ్రేషన్ తప్పింది, మళ్ళీ చేద్దాం. తల కదిలినప్పుడు చూపు చెదరకుండా కళ్ళని సర్దే రిఫ్లెక్స్ ఓడలో తప్పుగా సర్దుకుపోయిందని వాళ్ళ వాదన. రోగిని ఒక గదిలో కూర్చోబెట్టి చుట్టూ నిలువు చారలు మెల్లగా కదిలేలా చేస్తారు. అవి చూస్తుండగా తలని ఒక భుజం వైపు, మళ్ళీ రెండో భుజం వైపు వంచుతారు. ఎంత వేగంతో అంటే, ఆ మనిషి ఊగుతున్న వేగంతోనే. చాలామందిలో అది 0.2 హెర్ట్జ్ దగ్గర, అంటే ఐదు సెకన్లకి ఒక ఊపు. కొన్ని రోజులు ఇలా చేస్తారు. 2014లో ప్రచురించిన ఫలితాల్లో 24 మందిలో 17 మందికి బాగా తగ్గింది. తగ్గాక విమానం ఎక్కి ఇంటికెళ్ళేసరికి కొందరికి తిరిగొచ్చింది కూడా. నయమై ఇంటికి వెళ్ళాలంటే మళ్ళీ వాహనమే ఎక్కాలి, అదీ దీని వెటకారం.

పెద్దమ్మకి ఆ గది దొరకలేదు. డాక్టర్ కొద్దిగా మందు రాసి, బ్యాలెన్స్ వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. పనికొచ్చినవి చాలా మామూలు విషయాలు. మంచం మీద పడి ఉండకుండా రోజూ రెండుపూటలా నడవడం. రాత్రి పదింటికల్లా పడుకోవడం, ఎందుకంటే నిద్ర చాలని మర్నాడు ఊగు రెట్టింపు. ఫోన్లో వేళ్ళతో పైకి తోసి చూసే వీడియోలు మానడం, ఇదే ఆవిడకి కష్టమైంది. స్నానానికి ప్లాస్టిక్ స్టూలు. పూజ కళ్ళు తెరిచి, కూర్చుని. నిలబడి కూర కలపడం కన్నా వంటింట్లో అటూ ఇటూ తిరుగుతుంటే నయమని తనే కనిపెట్టింది. కదలకుండా నిలబడటమే వీళ్ళకి అన్నిటికన్నా కష్టం.

మీ ఇంట్లో ఎవరైనా ఓడో, దూరపు రైలో దిగి ఊగుతోందంటే రెండ్రోజులు చూడండి, కంగారు అక్కర్లేదు. ఆగకపోతే ఎప్పుడు మొదలైందో, వాహనంలో ఎలా ఉంటుందో ఒక కాగితం మీద రాసుకుని ఈఎన్‌టీ దగ్గరికో న్యూరాలజిస్టు దగ్గరికో వెళ్ళండి. అయితే మాట తడబడినా, వస్తువులు రెండుగా కనిపించినా, చెయ్యి కాలు పట్టు తప్పినా, ఒక్కసారిగా చెవి వినపడకపోయినా, భరించలేని తలనొప్పి వచ్చినా ఇదంతా పక్కన పెట్టి వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి. అప్పుడు కారు ప్రశ్న వేస్తూ కూర్చోకూడదు.

డాక్టర్ ఇంకో పని కూడా అప్పగించారు. ఊగు ఎంతుందో రోజూ సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేయమన్నారు. పెద్దమ్మ వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండర్‌లో తిథి కింద పెన్సిల్‌తో వేస్తుంది. అక్టోబర్ పేజీ నిండా ఏడులు, ఎనిమిదులు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూస్తే నాలుగులు ఉన్నాయి, మధ్యలో ఒక తొమ్మిది. ఆ రోజు బస్సులో విజయవాడ పెళ్ళికి వెళ్ళొచ్చారట. కొన్ని అంకెలు పెదనాన్న చేతిరాతలో ఉన్నాయి. రాత్రి అన్నం తిన్నాక ఆయనే అడిగి వేస్తున్నారట.

నిన్న ఫోన్ చేశాను. "ఇవాళ రెండేరా, అది కూడా పెసరట్లు పోస్తున్నంతసేపే" అంది.