ఇటాలియన్ గానం: అక్షరాలు ఐదు, ధ్వనులు ఏడు

ఒపేరాకు పుట్టినిల్లు ఇటలీ. ఆస్ట్రియాకు చెందిన మోజార్ట్ సైతం ఇటాలియన్ సాహిత్యానికి సంగీతం కూర్చారు. అందువల్ల పాశ్చాత్య శాస్త్రీయ గానం అభ్యసించేవారు ఏ దేశస్థులైనా ఆ భాషలోని అచ్చులను శ్రద్ధగా నేర్వవలసిందే.

ఇటాలియన్ లిపిలో అచ్చులు ఐదు. ఊనిక పడిన చోట వినిపించే ధ్వనులు మాత్రం ఏడు. ఎకార, ఒకారాలు రెండేసి విధాలుగా పలుకుతాయి. నోరు కొంత మూసి పలికితే సంవృతం, మరింత తెరిచి పలికితే వివృతం. 'పెస్కా'లోని ఎకారం సంవృతమైతే చేపల వేట, వివృతమైతే పీచ్ పండు. 'బొత్తె'లోని ఒకారం సంవృతమైతే పీపా, వివృతమైతే దెబ్బలు. ఊనిక లేని చోట ఈ రెండు అచ్చులూ సంవృతాలే.

సాధారణ ముద్రణలో ఈ భేదం చాలావరకు కనిపించదు. నిఘంటువులు అక్షరంపై గీత వాలిన దిశను బట్టి దానిని సూచిస్తాయి. పాట సాధనకు ముందే వాటిని సంప్రదించడం మేలు.

తెలుగులో ఎ, ఏ ల మధ్య భేదం పలికే కాలానిది. ఇటాలియన్‌లో అది నోరు తెరిచే తీరుది. కనుక సాహిత్యాన్ని తెలుగు లిపిలో రాసుకుంటే ఆ తేడా మరుగున పడుతుంది.

మరో నియమం, స్వరం ఎంతసేపు సాగినా అచ్చు మారరాదు. ఆంగ్లం అలవాటైనవారు 'అమోరే' చివరి అచ్చును 'ఎయ్'గా జార్చే ప్రమాదం ఉంది. తెలుగు దీర్ఘాలు అలా జారవు కనుక తెలుగు గాయకులకు ఇక్కడ కొంత సౌలభ్యం ఉంది.